అప్పుకు ముందు ఒక టబ్బు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని హాస్టలు నుంచి కబురు వచ్చినప్పుడు మా ముగ్గురికీ ఒకే విషయం తట్టింది. పాత విద్యార్థులు ఇలాంటి సంచికల్లో సాధారణంగా క్రమశిక్షణ గురించో, లక్ష్యసాధన గురించో రాస్తారు. ఆ పని మాకంటే బాగా చేయగలవారు చాలామంది ఉన్నారు. మేము చేపల గురించి రాస్తున్నాం. నవ్వుకోండి, పరవాలేదు. కానీ తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, చివరిదాకా చదవండి. ఇందులో లక్షా ఇరవై వేల రూపాయల సంగతి ఒకటి ఉంది.

మేము ముగ్గురం ఒకే గదిలో ట్రంకు పెట్టెలు పక్కపక్కన పెట్టుకుని చదువుకున్నవాళ్ళం. ఇప్పుడు ఒకరం తెనాలిలో, ఒకరం బాపట్లలో, ఒకరం రేపల్లెలో ఉంటున్నాం. మా చదువుల రోజుల్లో ఈ మూడు ఊళ్ళూ గుంటూరు జిల్లావే. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక బాపట్ల, రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్ళాయి, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. మేము మాత్రం ఇంకా విడిపోలేదు.

సంగతి రేపల్లె నుంచి మొదలైంది. 2020లో కేంద్ర ప్రభుత్వం ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన మొదలుపెట్టింది. అందులో ఇంటి పెరట్లో రంగు చేపలు పెంచుకునే యూనిట్ కూడా ఒకటి పెట్టారు. యూనిట్ ఖరీదు 3 లక్షలు. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు 60 శాతం, మిగిలినవారికి 40 శాతం సబ్సిడీ. అంటే మనలాంటివారికి ప్రభుత్వం లక్షా ఎనభై వేలు ఇస్తుంది, మన వాటా లక్షా ఇరవై వేలు. ఈ మాట మా రేపల్లె మిత్రుడి చెవిన పడింది. చెప్పినాయన లెక్క కూడా కట్టి చూపించాడట. ఒక జత ఫైటరు చేపలు ఒక్కసారికి మూడు వందల గుడ్లు పెడతాయి, పిల్ల పెద్దదయ్యాక ఒక్కొక్కటి వంద రూపాయలు, మూడు వందల పిల్లలకు ముప్ఫై వేలు, పది జతలుంటే మూడు లక్షలు. మావాడు ఆ రాత్రే ఇంట్లో అమ్మ చెవి కమ్మల మాట ఎత్తాడు.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది అని మిగతా ఇద్దరం అన్నాం. మాటా మాటా పెరిగింది. చివరికి ముగ్గురం ఒక ఒప్పందానికి వచ్చాం. ముందు ఒక్క జత కొందాం, ఒక్క టబ్బులో పిల్లలు తీద్దాం, వాటిని మూడు నెలలు బతికించి అమ్మి చూద్దాం. కమ్మల సంగతి ఆ తర్వాత.

ఫైటరు చేప అంటే మీలో చాలామంది అక్వేరియం షాపుల్లో సీసాల్లో చూసే ఉంటారు. పొడుగు రెక్కలు, నీలం, ఎరుపు రంగులు, సీసాకు ఒక్కటే. దీని శాస్త్రీయ నామం బెట్టా స్ప్లెండెన్స్, సొంత దేశం థాయిలాండ్. 2019లో ఆ దేశం దీన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించుకుంది. అక్కడ ఇది ఉండేది వరి పొలాల్లో, గడ్డి పెరిగిన లోతు తక్కువ నీళ్ళల్లో. మన డెల్టా లాంటి చోటే అన్నమాట. దీనికి మొప్పలతో పాటు తలలో గాలి పీల్చుకునే అవయవం ఒకటి వేరే ఉంటుంది, లాబ్రింత్ అంటారు. మన కొర్రమీను నీళ్ళ పైకి వచ్చి గాలి మింగినట్టే ఇదీ పైకి వచ్చి మింగిపోతుంది. అందుకే గాలి మోటారు లేకపోయినా సీసాలో బతుకుతుంది. బతుకుతుంది కదా అని అరచేతిలో పట్టే సీసాలో ఏళ్ళ తరబడి పెట్టడం మాకు నచ్చలేదు, అది వేరే విషయం.

మా మొదటి ప్రయత్నం ఒక్క రాత్రిలో ముగిసింది. షాపులో మాకు జత అని ఇచ్చారు. పొట్టి రెక్కలున్నది ఆడది అన్నారు, నమ్మాం. తెల్లారి చూస్తే రెండింటి రెక్కలూ చీలికలై ఉన్నాయి, ఒకటి టబ్బు అడుగున పక్కకు పడి ఉంది. పొట్టి రెక్కల మగచేపలు కూడా ఉంటాయని, వాటిని ప్లకాట్ అంటారని ఆ తర్వాత తెలిసింది. ఆడదానికి పొట్ట కింద తెల్లటి చుక్క లాంటిది కనిపించాలి, గుడ్లతో పొట్ట నిండుగా ఉండాలి. మేము చూసుకోలేదు, తప్పు మాదే.

రెండోసారి చూసి తెచ్చుకున్నాం. పది రోజులు రెండింటినీ వేరు వేరు సీసాల్లో పెట్టి దోమ లార్వాలు మేపాం. మెడ మీద ఒక పాత బకెట్టులో నీళ్ళు పెడితే చాలు, దోమలకు కొదవ లేని ఊరు మాది. టబ్బులో జానెడు లోతుకు కాస్త తక్కువగా నీళ్ళు పోశాం. అందులో ఎండి ఎర్రబడిన బాదం ఆకులు రెండు వేశాం. మన హాస్టలు వెనక ఉన్న బాదం చెట్టుకు మనం రాళ్ళు వేసి కాయలు కొట్టేవాళ్ళం గుర్తుందా, ఆ జాతి ఆకే. నీళ్ళు పలచటి డికాషన్ రంగుకు తిరుగుతాయి. గుడ్లకు బూజు పట్టకుండా అది కొంత ఆపుతుందని పెంపకందారుల నమ్మకం. థర్మోకోలు కప్పును నిలువుగా కోసి ఒక చెక్క నీళ్ళ మీద తేలేశాం. ఆడచేపను లాంతరు చిమ్నీ గ్లాసులో దింపి టబ్బు మధ్యలో నిలబెట్టాం. మగది దాన్ని చూస్తుంది, చేరలేదు. చూసి రంగు తేలుతుంది, కప్పు కింద నురగతో గూడు కట్టడం మొదలుపెడుతుంది. నోటితో గాలి పీల్చి ఒక్కో బుడగా వదులుతుంది.

మర్నాడు సాయంత్రం చిమ్నీ ఎత్తేశాం. కాసేపు తరుముకుంది, ఆకు వెనక దాక్కుంది, మళ్ళీ వచ్చింది. చీకటి పడే వేళకు మగది ఒళ్ళంతా వంచి ఆడదాన్ని చుట్టుకుంది. చుట్టు విడగానే బొంబాయి రవ్వ గింజల్లాంటి తెల్లటి గుడ్లు కిందికి రాలాయి. మగది వాటిని నోటితో ఏరుకుని పైకి తీసుకుపోయి నురగలో ఊదింది. ఇలా రెండు మూడు గంటలు. అయిపోగానే ఆడదాన్ని తీసేయాలి, లేకపోతే మగది బతకనివ్వదు. ఇక ఆ తండ్రికి తిండి లేదు, నిద్ర లేదు. జారిన గుడ్డును జారినట్టు నోట కరుచుకుని మళ్ళీ గూట్లో పెడుతూనే ఉంది. రాత్రిపూట వార్డెన్ గారు టార్చిలైటు వేసుకుని మంచం మంచానికీ వచ్చి లెక్క చూసుకునేవారే, అచ్చం అలాగే. ఒకటిన్నర రోజుకు గుడ్లు పొదిగాయి. గూటి కింద సన్న దారపు ముక్కల్లా తోకలు వేలాడాయి. ఇంకో మూడు రోజులకు అవి అడ్డంగా ఈదడం మొదలుపెట్టాయి. అప్పుడు తండ్రిని కూడా తీసేయాలి, ఆ తర్వాత అది పిల్లల్నే తినేయవచ్చు.

ఇక్కడిదాకా చూసి మాకు గర్వం వచ్చింది. రెండు వందలకు పైగా పిల్లలు! రేపల్లె మిత్రుడు ఫోన్లోనే ఇరవై వేలు లెక్క కట్టాడు. మేము ఉడికించిన గుడ్డు పచ్చసొన చిదిపి వేశాం. కోడిపిల్లలకు నూకలు వేసినట్టు ధారాళంగా వేశాం. రెండో రోజుకు నీళ్ళు తెల్లబడి వాసన కొట్టాయి. నాలుగో రోజుకు పదో పన్నెండో మిగిలాయి. ఆరో రోజుకు ఒక్కటీ లేదు. ఆ టబ్బు నీళ్ళు పారబోసినప్పుడు ముగ్గురిలో ఎవరమూ మాట్లాడలేదు.

మూడు వందల గుడ్ల లెక్క చెప్పినాయన చెప్పని భాగం ఇదే. గుడ్లు పెట్టించడం చేప పని, అది చేసేస్తుంది. మన పని ఈదడం మొదలైన రోజు నుంచి. పిల్ల నోరు సూదిమొన అంత, మనం పొడి చేసే ఏ మేతా అందులో పట్టదు. పైగా అది కదలని తిండి వైపు చూడదు. ప్రాణమున్న తిండే కావాలి, అదీ వాటి కంటికి ఆనేంత చిన్నది కావాలి. మొదటి వారం నీటిలోని సూక్ష్మజీవులు. ఇవి కావాలంటే పిల్లలు పుట్టాక వెతుక్కుంటే కుదరదు, జత కలపడానికి వారం ముందే క్యాబేజీ ఆకులు నీళ్ళలో నానబెట్టి ఉంచాలి. ముందు ఆ నీళ్ళు చిక్కగా తెల్లబడతాయి, తర్వాత తేరుకుంటాయి, తేరుకున్నాక వెలుతురుకు పట్టి చూస్తే ధూళి కదులుతున్నట్టు కనిపిస్తుంది. వాసన మాత్రం దారుణం. ఇంటివాళ్ళు ఒకసారి డ్రైనేజీ పగిలిందేమో అని పైకి వచ్చి చూసి వెళ్ళారు.

రెండో వారం నుంచి బాపట్ల ఆదుకుంది. ఆ తీరంలో రొయ్య పిల్లల హేచరీలు ఉన్నాయి. రొయ్య పిల్లలకు అక్కడ వేసే మేతల్లో ఒకటి ఆర్టీమియా. ఉప్పు సరస్సుల్లో బతికే చిన్న జీవి, దాని గుడ్లను ఎండబెట్టి డబ్బాల్లో అమ్ముతారు, అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్ నుంచి కూడా వస్తాయి. డబ్బా మనం కొనే ధర కాదు. మా బాపట్ల మిత్రుడు తెలిసినవారిని అడిగి మాత్రల డబ్బాలో రెండు చెంచాలు సంపాదించి తెచ్చాడు. కూల్‌డ్రింకు సీసాను తలకిందులుగా కట్టి, రాళ్ళ ఉప్పు కలిపిన నీళ్ళు పోసి, చిటికెడు గుడ్లు వేసి గాలి మోటారు పెడితే ఇరవై నాలుగు గంటలకు పిల్లలవుతాయి. గుడ్డలో వడగట్టి, మంచినీళ్ళతో కడిగి, చుక్కలు చుక్కలుగా టబ్బులో వదలాలి. చేపపిల్లల పొట్టలు నారింజ రంగుకు తిరుగుతాయి. ఆ రంగు కనిపించిన రోజు తెనాలి మేడ మీద మేము పండగ చేసుకున్నాం.

కానీ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇది జరగాలి. నేటి పిల్లలకు తిండి పెడుతూనే రేపటికి గుడ్లు నానబెట్టాలి. ఆదివారం లేదు, అన్న పెళ్ళి లేదు. పై గాలి చల్లగా తగలకుండా టబ్బు మీద మూత ఉండాలి, ఎందుకంటే మూడు నాలుగు వారాలప్పుడు పిల్లలకు ఆ గాలి పీల్చే అవయవం ఏర్పడుతుంది. నీళ్ళు ఇరవై ఆరు, ఇరవై ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. మనకు ఎండలు ఎలాగూ ఉన్నాయి, డిసెంబరు, జనవరి రాత్రులతోనే చిక్కు.

ఐదో వారానికి మూడో ప్రయత్నంలో అరవై ఒక్క పిల్లలు మిగిలాయి. తెనాలి గది చాలక రేపల్లె తీసుకెళ్ళాం. ఇరవై లీటర్ల క్యానులో సగం నీళ్ళు పోసి, అందులో చేపలు వేసి రేపల్లె పాసింజరు ఎక్కాం. వేమూరులో ఎక్కిన ఒక పెద్దాయన భట్టిప్రోలు దాటేదాకా క్యాను వైపే చూసి, "ఇయ్యి కూరకు పనికొస్తయ్యా?" అని అడిగాడు. రావు తాతా అన్నాం. "మరెందుకూ?" అన్నాడు. అప్పుడు మా దగ్గర జవాబు లేదు.

రేపల్లె వైపు బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. అందుకని మంచినీళ్ళ చెరువు నుంచి తెచ్చి, గుడ్డలో వడగట్టి, ఒకరోజు ఉంచి వాడాం. రెండో నెల నిండేసరికి మగవి ఒకదాన్నొకటి తరమడం మొదలైంది. లెక్కిస్తే ఇరవై ఏడు మగవి, ముప్ఫై నాలుగు ఆడవి. ఇరవై ఏడు సీసాలు కావాలి. హార్లిక్స్ సీసాలు, పచ్చడి జాడీలు, పక్కింటివాళ్ళ తేనె సీసాలు పోగుచేశాం. వారానికి రెండుసార్లు ఇరవై ఏడు సీసాల నీళ్ళు మార్చాలి, రెండు పూటలా మేత వేయాలి. మా మిత్రుడు పొద్దున ఎనిమిదికి పనికి పోతే రాత్రికి గాని రాడు. మరి ఎవరు చేశారు? అమ్మ చేసింది. కూలికి పోయి వచ్చి, పొయ్యి వెలిగించే ముందు చేపల సీసాలు కడిగింది. కమ్మలూ అమ్మవే, చాకిరీ కూడా అమ్మదే, పాస్‌బుక్కులో పేరు మాత్రం కొడుకుది అన్నమాట. పెరటి యూనిట్ అనే మాట కాగితం మీద ఎంతో ఇంపుగా ఉంటుంది. ఏ ఇంట్లోనైనా పెరట్లో ఉండేది ఎవరో ఒక్కసారి ఆలోచించండి.

అమ్మకం సంగతి త్వరగా చెప్పేస్తాం, అందులో చెప్పుకునేంత ఏమీ లేదు. ఒక షాపు పన్నెండు మగచేపలను ఒక్కొక్కటి 35 రూపాయలకు తీసుకుంది. తెలిసినవాళ్ళకు ఆరు, 60 చొప్పున అమ్మాం. మొత్తం 780 రూపాయలు. ఖర్చు, రైలు చార్జీలు కాకుండానే, 2,150. షాపాయన మమ్మల్ని మోసం చేయలేదు. చెన్నైలో కొళత్తూరు అని ఉంది, రంగు చేపల పెంపకానికి, టోకు వ్యాపారానికి పేరున్న చోటు. అక్కడి నుంచి ఒకే రంగు, ఒకే సైజు చేపలు వందల్లో వస్తాయి. మావి నీలమూ ఎరుపూ కలగలిసి ఏదీ కాకుండా ఉన్నాయి. ఆడచేపలను అసలు ఎవరూ అడగలేదు. కాలువలో వదిలేయమని ఒకరు సలహా ఇచ్చారు. తెనాలి ఊళ్ళోంచి మూడు కాలువలు పోతున్నాయి, వదలడం పెద్ద పని కాదు. కానీ పరదేశపు చేపను మన కాలువలో కలిపే హక్కు మనకు లేదని వదల్లేదు. ముప్ఫై నాలుగింటినీ రెండు సిమెంటు తొట్లలో పెట్టుకున్నాం. దోమ పిల్ల కనపడితే మింగేస్తున్నాయి, అదే లాభం.

ఈ అనుభవం చెప్పి, లక్షా ఇరవై వేలు పెట్టే ముందు ప్రతివాడూ ఒక టబ్బుతో మొదలుపెట్టాలని అంటే, మా పాత మిత్రుల్లో ఒకడు గట్టిగా ఎదురు తిరిగాడు. "మనవాళ్ళ దగ్గరికొచ్చేసరికి ఎప్పుడూ ముందు నేర్చుకోండి, తర్వాత చూద్దాం అంటారు. ఉన్నోళ్ళు నేర్చుకునే పెడుతున్నారా? రొయ్యల చెరువులు తవ్వినవాళ్ళంతా ముందు టబ్బులో రొయ్యలు పెంచారా?" అన్నాడు. ఆ మాట మమ్మల్ని చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. అందులో నిజముంది. పథకం మన హక్కు, ఎవరి దయా కాదు. దరఖాస్తు పెట్టుకునేవాణ్ణి నీకు చేతనవునా అని ఏ గుమాస్తా అయినా వెటకారంగా అడిగితే అడిగినవాడిదే తప్పు. కానీ ఉన్నవాడు ఒక చెరువు పోగొట్టుకుంటే ఇంకో చెరువు తవ్వుతాడు. మన అమ్మ కమ్మలు ఒక్క జతే. పచ్చసొన వేసి రెండు వందల పిల్లల్ని చంపుకున్న పాఠం మాకు ఒక గుడ్డు ఖరీదుకు వచ్చింది. అదే పాఠం యూనిట్ కట్టాక వచ్చి ఉంటే ఏ ఖరీదుకు వచ్చేదో తలుచుకుంటే భయం వేస్తుంది. మమ్మల్ని అడిగితే, సబ్సిడీ ఇచ్చేవారే ముందు ఒక జతనూ, చెంచాడు ఆర్టీమియానూ ఇచ్చి, మూడు నెలలు చేయించి, ఆ తర్వాత దరఖాస్తు తీసుకోవాలి. ఇవ్వకపోతే మనమే చేసుకుందాం, అంత ఖర్చేమీ కాదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. రెండు మగచేపల్ని ఒక సీసాలో వేసి చూపించమని చిన్న పిల్లలు అడుగుతారు. మేమూ ఆ వయసులో అడిగేవాళ్ళమే. ఆ దేశంలో వీటిని పందేల కోసమే తరతరాలుగా పెంచుతూ వచ్చారు. కోడిపందెంతో పల్నాడులో ఏం జరిగిందో మన జిల్లాల్లో పుట్టినవారికి వేరే చెప్పనక్కరలేదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం వినోదం కోసం జంతువుల్ని పోట్లాటకు ఉసిగొల్పడం నేరమంటుంది, ఆ చట్టంలో జంతువు అంటే మనిషి కాని ప్రాణి ఏదైనా. మేము మొదటి రాత్రి తెలియక చేసింది చూశాం, ఒక్కసారికే చాలనిపించింది.

రేపల్లె మిత్రుడు దరఖాస్తు ఆలోచన మానుకోలేదు. వరుసగా మూడు ఈతల్లో వందేసి పిల్లలు దక్కి, వాటిని కొనే షాపులు రెండు దొరికాకే పెడతానన్నాడు. ఇప్పటికి ఒక ఈత అయింది, అరవై ఒక్కటి దక్కాయి. నీళ్ళు మార్చే పని ఇప్పుడు తనే పొద్దున్నే లేచి చేస్తున్నాడని అమ్మ చెప్పింది. కమ్మలు అమ్మ చెవులకే ఉన్నాయి.

ఈ వార్షికోత్సవానికి మేము వచ్చేటప్పుడు ఒక టబ్బు, ఒక చిమ్నీ గ్లాసు, ఒక మంచి జత, ఆర్టీమియా చిన్న డబ్బా తెస్తున్నాం. వార్డెన్ గారిని అడిగాం, వరండా చివర పెట్టుకోమన్నారు. బాదం ఆకులకు చెట్టు అక్కడే ఉంది. ఇళ్ళకు వెళ్ళినప్పుడు ఖాళీ హార్లిక్స్ సీసాలు దొరికితే తెచ్చి పెట్టండి, కనీసం పాతిక కావాలి. స్టడీ అవరుకు ముందు మేత వేయడానికి ఎనిమిదో తరగతి వాళ్ళలో ఇద్దరిని వంతులవారీగా పెట్టుకోండి. జతను మాత్రం దసరా సెలవుల ముందు కలపకండి, మీరంతా ఇళ్ళకు వెళ్ళాక వాటికి తిండి పెట్టేవాళ్ళు ఉండరు.

– పూర్వ విద్యార్థులు,
తెనాలి, బాపట్ల, రేపల్లె